చొక్కా తొడిగిన గుమ్మడికాయ

నా చిన్నప్పుడు పిల్లల బరువుకు కూడా ఒక పని ఉండేది. ఎద్దుల వెనక గుంటుక కట్టి పొలం చదును చేసేటప్పుడు, దాని కింది ఇనుప పట్టీ నేలలోకి దిగాలంటే పైన దుంగ మీద బరువు కావాలి. కొందరు రాయి పెట్టేవాళ్లు. రాయి వెతికే ఓపిక లేనివాళ్లు ఇంట్లో ఉన్న పిల్లల్లో ఒకరిని ఎక్కించి కూర్చోబెట్టేవాళ్లు. మా ఊరు కనకమామిడిలో నా ఈడు పిల్లలందరూ అట్లా ఊరేగినవాళ్లే. నన్ను మాత్రం మా తాత ఎక్కనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. చిన్న మంగళారం పక్కన ఒక ఫాంహౌస్‌లో పచ్చిక చూసుకుంటున్నాను. చిన్న ట్రాక్టర్ వెనక గడ్డిని దువ్వే పెద్ద బ్రష్ తగిలించి, పొద్దున్నుంచి ఆ ఏటవాలు మీద ఎక్కడం, దిగడం. సాయంత్రానికి నడుము నాది కాదు. పని మారలేదు, ఎద్దులు మాత్రం పోయాయి. అందుకేనేమో ఆ రోజు తరచు గుర్తుకొస్తుంది.

నాకు ఎనిమిదేళ్లుంటాయి. జొన్న విత్తే ముందు పొలం చదును చేస్తున్నారు. మా పొలం సగం దాకా బల్లపరుపు, అక్కడి నుంచి వాగు వైపు వాలు. గుంటుక ఎక్కనిస్తేగానీ అన్నం తిననని నేను మొండికేశాను. ఒక పూట నిజంగానే తినలేదు. మర్నాడు పొద్దున మా తాత నన్ను పొలానికి రమ్మన్నాడు. వెళ్తూ వెళ్తూ కొట్టం మీద పండిన గుమ్మడికాయను దించి భుజాన పెట్టుకున్నాడు. అది చర్చిలో కోత పండుగకు ఇవ్వాలని మా అవ్వ దాచిన కాయ. ఎవరినీ చెయ్యి కూడా వెయ్యనిచ్చేది కాదు.

పొలంలో గుంటుక కట్టాక తాత, "అంగి ఇప్పు" అన్నాడు. దుమ్ము పడుతుందని కాబోలు అనుకుని సంబరంగా విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని గుమ్మడికాయకు తొడిగి, గుండీలు పెట్టి, నేను కూర్చోవాలనుకున్న చోటే దుంగ మీద కూర్చోబెట్టాడు. నన్ను గట్టు మీద నిలబెట్టి ఎద్దులను అదిలించాడు.

బల్లపరుపు నేల మీద గుమ్మడికాయ దర్జాగా కూర్చుని వెళ్లింది. నాకు కడుపు మండిపోయి ఏడుపొచ్చింది. నా చోటు కాయకిచ్చాడు, నా చొక్కా కూడా ఇచ్చాడు. రెండు సాళ్లు అట్లాగే తిరిగాయి. మూడోసారి తాత ఎద్దులను వాలులోకి దించి, అక్కడే మళ్లించాడు. మళ్లేటప్పుడు దుంగ పక్కకు జారింది. వెనక నుంచి గుంటుక తోసుకొచ్చేసరికి ఎద్దులు అడుగు పెంచాయి. కాయ ఒకసారి ఊగి, ముందుకు దొర్లి, వాటి కాళ్లకూ పట్టీకీ మధ్య పడింది. తాత "హో, హో" అని అరుస్తూ పగ్గాలు పట్టుకుని వెనక్కి వాలిపోయాడు. అయినా ఎద్దులు నాలుగడుగులు వేశాకే ఆగాయి. దుంగ వెనక నుంచి నా చొక్కా బయటికొచ్చింది. చిరిగిపోయి, గుజ్జూ గింజలూ అంటుకుని ఉంది.

నేను ఏడుపు ఆపేశాను. తాత వచ్చి నా పక్కన కూలబడ్డాడు. తానే కావాలని పడేసిన కాయ కోసం ఆయన అంత గట్టిగా ఎందుకు అరిచాడో నాకు అర్థం కాలేదు.

"నేను ఆపలే అనుకుంటున్నవా? ఆపిన బిడ్డా. నువ్వు చూసినవ్ గద. నేను గుంజేటాళ్లకు అవి నాలుగు అడుగులేసినయ్."

తర్వాత వాగు వైపు చూస్తూ, "మీ చిన్నాయన కాలు చెట్టు మీదికెళ్లి పడితే ఇరగలే. గీడనే ఇరిగింది. ఎడ్లు తోలింది నేనే" అన్నాడు.

మా బాపు తమ్ముడిని నేను పుట్టినప్పటి నుంచీ కుంటుతూనే చూశాను. చింతచెట్టు మీద నుంచి పడ్డానని ఆయనే అందరికీ చెప్పేవాడు. పడిన తీరు చేతులు తిప్పుతూ నవ్వుతూ చెప్పేవాడు. తండ్రి మీద మాట రాకుండా ఆయన అన్నేళ్లు ఆ చెట్టును మోశాడని ఆ రోజు తెలిసింది.

సద్ది తెచ్చిన అవ్వ పగిలిన కాయను చూసి తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో చొక్కా కనబడింది. ఆమె గంప దించి, చొక్కా తీసుకుని, వాగులో ఉతకడానికి వెళ్లిపోయింది. ఆ ఏడు కోత పండుగకు మా ఇంటి నుంచి గంపెడు అనుములు వెళ్లాయి.

మొన్న ఆదివారం మా ఓనరు గారి చుట్టాల పిల్లలు బ్రష్ మీద ఎక్కుతామని గోల చేశారు. "ఒక్క రౌండే కదా పెద్దాయనా, మెల్లగా పోనీ" అన్నాడాయన. నేను మెల్లగానే పోతాను. దిగేముందే గేరు తగ్గిస్తాను, నిలువుగానే ఎక్కి దిగుతాను, వాలు మీద ఎప్పుడూ మళ్లించను, చదునుకు వచ్చాకే తిప్పుతాను. కానీ నాలుగడుగుల సంగతి ఆయనకు ఎట్లా చెప్పను? ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాను. "ఎక్కనియ్య సార్. నన్ను తీసేసినా సరే" అన్నాను. చుట్టాల ముందు తన మాట పోయిందని ఆయనకు కోపం వచ్చింది. ముసలాడికి భయం ఎక్కువైందని, వచ్చే నెల వేరే మనిషిని చూసుకుంటానని అన్నాడు. చూసుకోనీ. నాకూ అలసటగానే ఉంది.

వచ్చేవాడికి ఏం చెప్పిపోవాలా అని ఆలోచిస్తున్నాను. బ్రష్ మీద బరువుకు నేను ఇసుక బస్తా కడతాను. దానికి నా పాత చొక్కా ఒకటి తొడిగి గుండీలు పెడతాను. తోటపనివాళ్లు చూసి నవ్వుతారు. ప్రతి వాలు దగ్గరా ఒకసారి వెనక్కి తిరిగి ఆ చొక్కాను చూస్తాను. లోపల ఇసుకే ఉందని చూసుకున్నాకే కిందికి దిగుతాను.