స్టాపింగులో బండ

మొదటి జీతం చేతికొచ్చిన ఆ కొత్తలో ఊరంతా నేనే బాగుచేయాలన్న జబ్బొకటి నాకు పట్టుకుంది (ఆ వయసులో చాలామందికి పడుతుంది, నాకు కాస్త ముదిరింది). డెబ్భైల చివరి మాట. అత్తిమంజేరిపేట దగ్గరి మా పల్లె నుంచి రోజూ ఎనిమిది గంటల బస్సులో తిరుత్తణికి, చేనేత సంఘంలో గుమాస్తా పనికి వెళ్ళేవాణ్ణి. మా బస్సు స్టాపింగు అంటే ఒక వేపచెట్టు, దాని కింద ఊరివాళ్ళు పారేసిన కుండపెంకుల గుట్ట, అంతే. మా పక్కింటి అవ్వ కాలి పుండుకు కట్టు మార్పించుకోవడానికి వారం వారం తిరుత్తణి ఆస్పత్రికి వచ్చేది. ఒకరోజు బస్సు వచ్చేదాకా నిలబడలేక ఆ చెట్టు కింద నేల మీద కూలబడింది. బస్సొచ్చాక నేనూ కండక్టరూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆమె నొప్పికి పళ్ళు బిగబట్టిన తీరు ఆ రోజంతా నా కళ్ళముందే ఉంది.

ఆదివారం పొద్దున్నే మా బావ ఎద్దులబండి కట్టించాను. కూలిపోయిన మా కొట్టంలో పడున్న పొడుగాటి రాతిబండను తెచ్చి, పెంకులన్నీ ఎత్తిపోసి, రాళ్ళు పేర్చి వాటిమీద అడ్డంగా పెట్టాం. ఇంట్లో మిగిలిన సున్నం పూశాం. మధ్యాహ్నం భోజనాల వేళకి పని అయిపోయింది. అవ్వను తెచ్చి కూర్చోబెడితే కాళ్ళు గాల్లో వేలాడాయి. "బాగుండాది నాయినా, ఉయ్యాల మాదిరి ఉండాది" అందామె నన్ను నొప్పించకుండా. బావ నవ్వాపుకుంటూ ఒక వరుస రాళ్ళు తీసేశాడు.

సోమవారం నేను వెళ్ళేసరికి బండ నిండిపోయి ఉంది. నలుగురు తాతలు. అప్పుడే బొగ్గుతో గీతలు గీసి పులిజూదం మొదలుపెట్టేశారు. మనుషులు కనబడగానే బస్సు మధ్యాహ్నం, సాయంత్రం కూడా ఆగేది. ఎక్కేవాళ్ళు ఉండేవారు కాదు. "ఏమప్పా, మీరు బస్సుకొచ్చినారా, గాలికొచ్చినారా?" అని డ్రైవరు రెండు రోజులు ఓర్చుకుని అడిగాడు. మూడోరోజు పొద్దున నేనూ అవ్వా నిలబడి చేతులు ఊపుతున్నా, ఆ తాతల్ని చూసి అందరూ గాలికొచ్చినవాళ్ళే అనుకుని ఆపకుండానే వెళ్ళిపోయాడు. అవ్వ కట్టు మార్చుకోవాల్సిన రోజది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది బస్సుకి పోయేవాళ్ళకి వేసింది తాతా. లేయండి ఇంక" అన్నాను.

నలుగురిలో పెద్దాయన, నాయుడు తాత, పావులు మెల్లగా పోగుచేసుకున్నాడు. "ఇంట్లో కోడలు కసువు చిమ్మాలని లేయమంటాది. టీ కొట్టుకాడ బేరం పోతాదని లేయమంటారు. సరి, నువ్వూ చెప్పినావు. యాడికి పోయేది అని ఆలోచన చేస్తా ఉండా."

అవ్వే కల్పించుకుంది. "ఎవురూ లేయొద్దు. నాయుడూ, నువ్వీడే కూసోనుండు. ఎక్కేవాళ్ళుంటే నువ్వు లేచి తువ్వాలెత్తు. లేకుంటే ఎత్తొద్దు. డ్రైవరుకి నేను చెప్తా."

ఆ మధ్యాహ్నమే ఎండలో నిలబడి బస్సును ఆపి చెప్పింది. మర్నాడు మేమిద్దరం తిరుత్తణి వెళ్ళాం. తాతలే ఆమెను పట్టుకుని మెట్టెక్కించారు. నాయుడు తాత అప్పటినుంచి ఉతికిన తువ్వాలే వేసుకొచ్చేవాడు. ఎవరు ఏ ఊరు పోతున్నారో, ఎవరింకా ఇంటి దగ్గరే తల దువ్వుకుంటున్నారో ఆయనకు తెలిసేది. వాళ్ళకోసం డ్రైవరును మాటల్లో పెట్టి బస్సును అర నిమిషం ఆపేవాడు కూడా. అవ్వ పుండు మానాక కూడా, పని లేకపోయినా, కాసేపు వచ్చి ఆ బండమీద కూర్చుని వెళ్ళేది.

రెండేళ్ళకు నాకు తిరువళ్ళూరులో వేరే ఉద్యోగం దొరికింది. ట్రంకుపెట్టెతో స్టాపింగుకి వచ్చేసరికి నాయుడు తాత లేచి నిలబడి తువ్వాలు పైకెత్తాడు. ఊరికి ఇంత చేసిన వాణ్ణి కదా, నన్ను గౌరవంగా సాగనంపుతున్నాడనుకుని కళ్ళనీళ్ళతో రెండు చేతులూ జోడించాను.

"పక్కకి జరుగు నాయినా," అన్నాడాయన రోడ్డు వైపే చూస్తూ, "డ్రైవరుకి నేను కనబడాల."