సింహాచలం బావ కారుకి కుడిచెయ్యి

ముందే మనవి: నేను చెప్పేదాంట్లో కాస్త తరుగు తీసి వినండి. మొన్న మధురవాడ మలుపులో, బైకుకి ఇండికేటరు వెలుగుతున్నా నా కుడిచెయ్యి దానంతటదే బయటికి చాచుకుంది. అరచేతిలో చినుకు పడింది. ఒక్క చినుకే. నాకు మాత్రం బిందెడు నీళ్లు కుమ్మరించినట్టయి సింహాచలం బావ గుర్తొచ్చాడు.

పెందుర్తిలో మా పక్కింటాయన. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. వీధి వీధంతటికీ బావే. ఆయనకో పాతకాలపు ఇంగ్లండు కారుండేది, ఓడ సైరను సిగ్గుపడే హారనుతో. దాని ఇండికేటరు మినుకుమనే దీపం కాదు. తిరిగేవైపు తలుపు పక్క సందులోంచి చిన్న చెయ్యిలాంటి రేకొకటి వెలుగుతూ బయటికి లేచేది. కుడివైపుది విరిగిపోయింది. తన చెయ్యే బయటపెట్టి చూపిద్దామంటే బావ భుజం బిగుసుకుపోయింది. అసలు చెయ్యి దొరక్కపోతే కారు అమ్మేయాల్సిందేనని కూతురు పద్మ తేల్చేసింది. కొత్తరకం లైట్లు బిగిద్దామన్నాను.

"బండికి సిల్లు పొడిస్తే నా సెవికి పొడిసినట్టే" అన్నాడు బావ.

వెతకడానికీ ఆ కారులోనే బయల్దేరేవాళ్ళం. ఆయన వెనకసీట్లో నేను. మలుపొస్తే కిటికీలోంచి నా చెయ్యి. కాస్త ఆలస్యమైతే పాఠం మొదలయ్యేది: "ఎటెల్తన్నావో యెనకోడికి ముందు సెప్పు, ఆనక తిరుగు." విశాఖలోని పాతసామాన్ల కొట్లన్నీ రెండు జన్మలకు సరిపడా తిరిగాం. చివరికి యారాడలో పోలమ్మ అనే చేపలమ్మే ఆవిడ పెరట్లో అదే రకం కారు కోళ్లగూడై కనిపించింది. చెయ్యి చెక్కుచెదరలేదు. కాకపోతే లోపల కోడి పొదుగుతోంది.

"పిల్లలు లేసేదాకా తలుపు ముట్టొద్దు బాబూ" అంది పోలమ్మ.

"ఆగుతాంలేయమ్మా. ఇంగ్లండు సరుకు, ఓడ మీద వస్తందనుకుంటాం" అన్నాడు బావ.

ప్రతి ఆదివారం వెళ్లి, కోడిని పలకరించి, సముద్రం చూసి, పోలమ్మ ఇచ్చిన ఎండుచేపలతో తిరిగొచ్చేవాళ్ళం. అంత తీరుబడిగా, అంత సంతోషంగా నేను దేనికోసమూ ఎదురుచూడలేదు. పిల్లలు బయటికొచ్చాక చెయ్యి ఊడదీసి తెచ్చి బిగించాం. స్విచ్చి వెయ్యగానే ధగధగా లేచింది. లైట్‌హౌసనుకుని హార్బరులో రెండు ఓడలు దారి మార్చుకున్నాయి.

కల్పించింది ఓడలనుకుంటున్నారు కదూ. ఓడలు నా కోతల అలవాటుకొద్దీ వచ్చాయి. అసలు కల్పన ఆ వెలుగు. లోపలి తీగచుట్ట ఎప్పుడో కాలిపోయింది, ఆ చెయ్యి ఒక్కసారీ లేవలేదు. కారు అమ్మకానికి తాళాలు తీసుకుందామని వచ్చిన పద్మ, దొరికిందా అని అడిగింది. బావ వెనకసీట్లో ఉన్న నన్ను చూపించాడు.

"దొరికింది కదమ్మా. డూప్లికేటు కాదు."

పద్మ నవ్వేసి ముందుసీట్లో కూర్చుంది. బావ నడిపినన్నాళ్ళూ ఆ చెయ్యి నాదే. దానికి ఇప్పటికీ రిటైరవడం తెలీదు.