తారుమారైన లేబుళ్లు

మా పిన్ని గ్యాస్ కట్టేసి మూడుసార్లు చూస్తుంది. తలుపుకి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. బట్టలు కుట్టి పొట్ట పోసుకున్న మనిషి, ఒక్కో గుండీ సరిచూసుకుంటూ బయట ఎవరి చేతా మాట పడకుండా బతికింది. ఇంట్లో మాత్రం పడింది. "మీ పిన్ని చేతిలో పెట్టారంటే ఇక తలకిందులే!" అని బాబాయి చుట్టాలందరి ముందూ అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఎగతాళికి మూలం ఓ రికార్డు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ గ్రామఫోన్ రికార్డుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పైన ఒక లేబులు, కింద ఒక లేబులు, మధ్యలో వేడి ప్లాస్టిక్ ముద్ద పెట్టి మిషన్‌తో నొక్కడమే పని. బాబాయిది నాలుగో మిషన్, పిన్నిది ఆరోది. ఎవరో గాయని మెల్లగా, గుండె పిండేలా పాడిన ఇంగ్లీషు పాటను ఓ రాక్ బ్యాండ్ గిటార్లతో హోరెత్తించి చిన్న రికార్డుగా తెచ్చింది. రెండోవైపు వాళ్ల సొంత పాట. ఆ రోజు రెండు మిషన్లూ అదే రికార్డు నొక్కాయి. కొన్నింటికి లేబుళ్లు అటుది ఇటు, ఇటుది అటు పడ్డాయి.

"ఎవరో ఒకరు ఒప్పుకోకపోతే ఇద్దర్నీ తీసేస్తారట. పొద్దున్నుంచి నీకు కళ్లు తిరుగుతున్నాయి కదా, నీ వల్లే అయ్యుంటుంది" అన్నాడు బాబాయి. పిన్ని నమ్మింది. తప్పు తనదేనని సంతకం పెట్టింది. సంతకం చేతికొచ్చాక రికార్డులు తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? అన్నీ ముక్కలు చేసేశామన్నారు. పిన్నిని పనిలోంచి తీసేశారు. ఇంకే ఫ్యాక్టరీ గడపా ఎక్కనివ్వలేదు.

పోయిన నెల నేను పిన్ని దగ్గరున్నప్పుడు, పాత రికార్డులు సేకరించే ఒకాయన ఫ్యాక్టరీ కాగితాల్లో ఆవిడ సంతకం చూసి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పగలకుండా మిగిలిన రికార్డు ఒకటి ఆయనకు దొరికిందట. ఇలాంటి తప్పులుంటేనే వాళ్లకు ముద్దు. "ఈ పొరపాటు మీరే చేశారని ఓ కాగితం రాసిస్తారా అమ్మా? దీంతోపాటు దాచుకుంటాను" అన్నాడు, మర్యాదగానే.

పిన్ని కళ్లజోడు పెట్టుకుని రికార్డును తిప్పి తిప్పి చూసింది. లేబులుకి ఆనుకుని ఉన్న నున్నటి నల్లచోట, అచ్చుతోపాటే పడే మిషన్ నంబరు ఉంది. ఆరు కాదు, నాలుగు.

"నేను చెయ్యలేదే" అంది నాతో. "చూడు, నేను చెయ్యలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. పిన్ని మాత్రం లేచి పక్కగదిలోకి వెళ్లింది. బాబాయికి పక్షవాతం వచ్చి కుడివైపూ, మాటా పడిపోయాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. రికార్డు ఆయన కళ్ల ముందు పట్టుకుని, "మీకు తెలుసా?" అని అడిగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెలియనివాడు కళ్లెందుకు మూసుకుంటాడు?

'ఈ పొరపాటు నాలుగో మిషన్‌ది, నాది కాదు' అని పిన్ని కాగితం మీద రాసి, పెన్ను ఆయన ఎడమచేతిలో పెట్టింది. "సంతకం పెట్టండి." వదిలేశాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ వదిలేశాడు. వచ్చినాయన ఇబ్బందిపడిపోయి, కాగితం అడగకుండానే రికార్డు తీసుకుని వెళ్లిపోయాడు.

"నాతో వచ్చెయ్ పిన్నీ" అన్నాను.

"ఈయన్ని ఎవరికి అప్పజెప్పి రమ్మంటావ్?" అంది విసుగ్గా.

మధ్యాహ్నం అన్నం మెత్తగా కలిపి తెచ్చింది. ఆయన తలకింద దిండు ఎత్తు చేసింది. మొదటి ముద్ద నోటి దగ్గర పెట్టి, "నాలుగో మిషన్" అంది. ఆయన మింగాడు. రెండో ముద్దకీ అదే మాట. ఇప్పటికీ రెండు పూటలా ముద్దముద్దకీ అంటూనే ఉంది. ఆకలేస్తుంది కాబట్టి ఆయన నోరు తెరుస్తూనే ఉన్నాడు.