సలహా ఇయ్యని సుభద్ర మేడం

సుభద్ర మేడం గుండె ఆగి కాలం చేసిందన్న దుర్వార్త పోయిన సోమవారం బొగ్గుబాయిల మొదటి షిఫ్టు దిగే యాళ్లకు తెలిసింది. అందరు ఏడ్చిన్రు. నాకు ముందు కోపమొచ్చింది. గింత తొందరేంది ఆమెకు? సంతాపసభల మాట్లాడినోళ్లు దేవతను చేసిన్రు. దేవత గాదు, విసిగించే మనిషి. యాభై దాటినంక సాయంత్రం బడిల అక్షరాలు దిద్దినదాన్ని, నాకు పొగడ్తలు రాసుడు రాదు. ఉన్నది రాస్త.

గోదావరిఖని బజార్ల రెండర్రల్ల కూసొని, మనసు బాగలేనోళ్లతోని మాట్లాడుడు ఆమె వృత్తి. పుట్టింది కృష్ణా జిల్లా దిక్కు. తెలంగాణ ఉద్యమం రోజులల్ల "ఆంధ్రామెకు మన బాధ ఏమెరుక?" అన్నోళ్లల్ల నేనొకదాన్ని. ఆ మాట ఆమె చెవిన పడితే, "నిజమేనమ్మా, నాకు తెలీదు. మీరే చెప్పండి" అన్నది. కొట్లాడనియ్యదు గూడ!

నా కొడుకు సంపత్ వర్క్‌షాపుల ఫిట్టరు. కమాన్‌పూర్ పిల్లను చూసి, పూలుపండ్లు పెట్టుకొని సంబంధం ఖాయం చేసుకున్నం. అప్పుడు బయటపెట్టిండు: "అవ్వా, ఆడపిల్ల మీదికి నా మనసు పోదు. మొగోళ్ల మీదికే పోతది. నాకీ పెండ్లి వద్దు." నేను చెప్పు తీసిన. వాడు తిండి మానేసి, గోడ దిక్కు తిరిగి పండిండు. మూడో దినం భయమై, మేడం కాడికి గుంజుకపోయిన.

మా ఆచారాలు ఎరుక కావాలని జాతరలన్ని తిరిగిన మనిషి ఆమె. మల్లన్న పట్నాల కాడ చీర కట్టి పూనకంతోని ఊగే మొగోళ్లను గూడ మా దిక్కు శివసత్తులంటరు. సంపత్ మాట వినంగనే మేడం మురిసింది. "మీలో శివసత్తులున్నారుగా! వాళ్ళకెంత గౌరవం! నువ్వూ అలాగే..."

వాడు లేచి నిలవడ్డడు. "మేడం, నాకు చీర వద్దు, పూనకం రాదు. నేను మొగోన్నే. మీరు మా జాతర చూసిన్రు, నన్ను చూడలే."

మేడం రాసుకున్న కాయితం చింపేసింది. "తప్పు నాది బాబూ. మొదటినించీ నువ్వే చెప్పు" అన్నది. ఆనాటి సంది గోలేటి హిజ్రా వచ్చినా, శ్రీరాంపూర్ తురక పిల్ల వచ్చినా, ముందుగాల ఏదీ అనుకోలే. "కులం, ఊరు తెలిస్తే మనిషి తెలిసినట్టు కాదు. మనిషిని అడగాలి" అనేది.

నన్ను మాత్రం సతాయించింది.

"పెండ్లి చేసుకొమ్మని చెప్పు మేడం."

"చెప్పను."

"వద్దనన్న చెప్పు."

"అదీ చెప్పను."

"మరి నువ్వెందుకున్నవ్ తల్లీ? ఫ్యాను కింద కూసొనేతందుకా?"

నవ్వింది. "పెళ్ళయ్యాక ఆ అమ్మాయి రోజెలా గడుస్తుందో మీరే చెప్పండమ్మా."

వండుతది, ఉతుకుతది అని మొదలుపెట్టిన. ఆడికే ఆగిన. నా పెనిమిటి ముప్పై ఏండ్లు ఇంట్ల ఉండి లేనట్టే ఉండె. గా బతుకు నాకెరుకే.

తెల్లారి కమాన్‌పూర్ పోయి సంబంధం వద్దన్న. "నీ కొడుక్కేం రోగమే?" అని పిల్ల తండ్రి లేచిండు. "రోగం లేదు బావా, మనసు లేదు. పెండ్లయినంక తెలిస్తే నీ బిడ్డ ఆగమైతది" అన్న. ఊరంత తిట్టిన్రు, పడ్డ. ఇంటికొచ్చి చెప్తే సంపత్ అన్నం పెట్టుమన్నడు.

సంతాపసభల ఒకాయన మైకు పట్టి, "ఇసొంటోళ్లను ఎందరినో మేడం బాగుచేసింది" అన్నడు. ఒళ్లు మండి లేచిన. "బాగుచెయ్యలే సారూ. నా కొడుకు చెడిపోనేలే. చెడింది నా నోరు. అది గూడ సగమే బాగైంది."

నిన్న సంపత్, "అవ్వా, ఐతారం ఒకలను ఇంటికి తోల్కొస్త, నువ్వు చూడాలె" అన్నడు. సమజైంది. ఆ పిలగాన్ని ఏమని పిలవాలె? ఏడ కూసోవెట్టాలె? వాడకట్టుకు ఏం చెప్పాలె? మేడం ఉంటే ఆమె కాడికి ఉరుకుదును. ఆమె చెప్పేది గాదు, అయినా తిట్టేతందుకు ఒక మనిషి ఉండె. ఆ లోటు ఎవలు పూడుస్తరు? సుభద్ర మేడం, నీ స్మృతికి రెండు చేతులెత్తి మొక్కుతున్న. మంచిపని చెయ్యలే నువ్వు, ఇంత జల్ది పోయి.

ఆ పిలగాడు ఏం కూర తింటడని సంపత్‌నే అడిగిన.

"చేపలు" అన్నడు.