తప్పిపోయిన గుంట

కోట అనే ఊళ్లో రొయ్యల గుంటలకు ఐసు బండి పంపే ఆఫీసులో నాతో పనిచేసిన అక్క ఆమె. బండి ఏ గుంటకు ముందు వెళ్లాలో కంప్యూటర్లో జెనెటిక్ అల్గారిథమ్ అనే లెక్కతో తేల్చేది. నాకు అర్థం కావాలని బల్లమీద గవ్వలు పేర్చింది. ఒక్కో గవ్వ ఒక్కో గుంట, గవ్వల వరసే బండి వెళ్లే వరస. ఒక మంచి వరస ముందు సగానికి మరో మంచి వరస వెనక సగం చేర్చి, "పిల్ల పుట్టింది చూడు" అని నవ్వింది. పిల్లల్లో మెరుగైనవి మళ్లీ కలిసేవి. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ గవ్వలు మెల్లగా చోట్లు మార్చుకుంటాయి.

ఒక పొద్దున ఓ రైతు ఫోను చేశాడు.

"రొయ్యలు పట్టేసినాం అక్కా, ఎండెక్కతా ఉండాది. బండి రాలేదే!"

సగాలు చేర్చడంలో ఒక గుంట రెండుసార్లు వచ్చి, ఆయన గుంట తప్పిపోయింది. అక్క స్కూటీ మీద ఐసు మూటలు వేసి, పట్టుకోమని నన్ను వెనక ఎక్కించుకుంది. చేరేసరికి ఐసు కరిగి నేను తడిసి ముద్దయ్యాను. బండి వచ్చేదాకా రొయ్యలు పాడవకుండా నిలిచాయి.

"మమ్మల్ని మర్చిపోయినారనుకున్నా" అన్నాడాయన.

ఆనాటి నుంచి ప్రతి కొత్త వరసకూ అక్క వేళ్లు మడుస్తూ, "ఎవరు తప్పిపోయినారు?" అని గొణుక్కునేది. రెండోసారి వచ్చిన గుంటను తీసి, తప్పిపోయినదాన్ని అక్కడ పెట్టేది.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పాక కూడా అలాగే వేళ్లు మడిచేది. కిటికీ పక్కన పుస్తకం చాటున కూర్చున్న నా దగ్గరికి వచ్చేది.

"నువ్వే తప్పిపోయినావు. రా."