దింపుడు కళ్లం దగ్గర

నాన్న పోయిన రోజు ఉదయం పదిన్నరకి మా వాకిట్లో వెదురు బొంగులు దిగాయి. అప్పుడు నేను లోపల మెడికల్ కాలేజీ వాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నాను. నాన్న తన దేహాన్ని విజయవాడలోని ఆ కాలేజీకి రాసిచ్చాడు. సాయంత్రం నాలుగు లోపు తీసుకురావాలనీ, కాగితం మీద భార్య సంతకం లేకపోతే లోపలికి తీసుకోబోమనీ అవతలి మనిషి రెండోసారి చెబుతున్నాడు. తిరువూరు నుంచి విజయవాడ వెళ్లడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఎంత ఆలస్యమైనా ఒంటిగంటకల్లా బయల్దేరాలి. ఇంతలో బయట కత్తి చప్పుడు వినిపించింది. వచ్చి చూస్తే ఇద్దరు మనుషులు బొంగులు నరుకుతున్నారు. పాడె కడుతున్నారు.

"ఎవరు కట్టమన్నారు మిమ్మల్ని?" అని అరిచాను.

"నేనే చెప్పానమ్మాయ్," అన్నాడు బాబాయి.

బాబాయి నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. విస్సన్నపేటలో మామిడికాయల వ్యాపారం చేస్తాడు. కబురు అందగానే కారేసుకుని వచ్చాడు. వస్తూ వస్తూ పంతులుగారికీ చెప్పొచ్చాడు. మా ఇంట్లో నేనొక్కదాన్నే సంతానం, మగపిల్లలు లేరు కాబట్టి తలకొరివి తనే పెట్టాలని దారిలోనే తీర్మానించుకున్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చచ్చిపోయిన మనిషి ఇంట్లో ఉన్నాడని కూడా చూడలేదు. ఆ బొంగులు ఒక్కొక్కటే ఈడ్చుకెళ్లి రోడ్డు పక్కన పడేశాను. అరచేతిలో పేడు గుచ్చుకుని రక్తం వచ్చింది. వీధిలో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చూడనీ అనుకున్నాను.

నాన్న నలభై ఏళ్లు బజార్లో ఇనుప సామాన్ల కొట్టు నడిపాడు. ఆ వరసలో దేవుడి పటం లేని కొట్టు మాదొక్కటే. పక్క కొట్ల వాళ్లు పొద్దున్నే సాంబ్రాణి వేస్తుంటే ఆయన తీరిగ్గా పేపరు చదువుకునేవాడు. అమ్మకి మాత్రం పూజ చెయ్యందే కాఫీ గొంతు దిగదు. శుక్రవారం నాడు ఆయన కంటే ముందే వెళ్లి, కొట్టు గడపకి పసుపు రాసి బొట్లు పెట్టి వచ్చేది. ఆయన వాటిని తుడిచేవాడు కాదు. కాలు పడకుండా జాగ్రత్తగా దాటి లోపలికి వెళ్లేవాడు. ఆ సంగతి మీద వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను వినలేదు. దేవుడు లేడని ఊరంతా తిరిగి వాదించింది నేనే.

కాలేజీ ఫారం నింపిన రోజున నాన్న నా చేత మాట తీసుకున్నాడు. "ఒక్క తంతు కూడా వద్దమ్మా. ఒక్కదానికి ఒప్పుకున్నావో, దాని వెనకాలే మిగతా పదీ వచ్చి కూర్చుంటాయి. మావాళ్ల సంగతి నీకు తెలీదు," అన్నాడు. సరేనన్నాను.

బాబాయి లోపలికి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ నాన్న తల దగ్గర ఉంది. పక్కన స్టూలు మీద కాగితం, పెన్ను పెట్టి ఉన్నాయి. పొద్దుట్నుంచీ అమ్మ వాటి వంక చూడను కూడా లేదు.

"వదినా, నువ్వు చెప్పు. ఆయనకి నమ్మకం లేదు, సరే. నీకుందిగా? కర్మ చెయ్యకుండా తీసుకెళ్లి, కోసుకుని చదువుకోండని పిల్లల చేతిలో పెట్టొస్తామా? నలుగురిలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

"నీ తల సంగతి తర్వాత చూద్దాం బాబాయ్," అన్నాను. "ముందు ఆయన మాట సంగతి చూడు."

"నీకు నాన్నయితే నాకు అన్న కాదా?" అన్నాడాయన. "చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని గంపలగూడెం నుంచి ఇక్కడికి తొక్కుకొచ్చాడే. ఆయనకి ఒక్క నిప్పు పెట్టుకోనివ్వవా నన్ను?"

నిజం చెప్పాలంటే అప్పుడు నా మనసు కరిగింది. కానీ మెత్తబడితే పని చెడుతుందని మొహం తిప్పుకుని గడియారం చూశాను. పన్నెండుంపావు అయింది. వైకుంఠ రథం వద్దని నేను మాట్లాడిన అంబులెన్స్ వచ్చి వాకిట్లో ఆగింది. పంతులుగారు కూడా వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గేటు దగ్గరే నిలబడ్డారు. అమ్మ సంతకం పెట్టనంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

"అమ్మా, టైమవుతోంది," అన్నాను.

అమ్మ తలెత్తింది. "సంతకం పెడతాను. నేనొక్కటి అడుగుతాను. దింపుడు కళ్లం చేయించు."

శ్మశానానికి మోసుకెళ్లేటప్పుడు మావైపు దారి మధ్యలో ఒకచోట పాడె కిందకి దించుతారు. పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడన్నా కాస్త ప్రాణం మిగిలుంటే పలుకుతాడేమోనని. పలకకపోతే మళ్లీ ఎత్తుకుని సాగిపోతారు. దాన్నే దింపుడు కళ్లం అంటారు.

బాబాయి కళ్లలో ఆశ కనిపించింది. గేటు దగ్గర పంతులుగారు కూడా ఒక అడుగు ముందుకి వేశారు. ఇదిగో, ఒకటి వచ్చింది, వెనకాల పదీ వస్తున్నాయి అనుకున్నాను.

"కుదరదమ్మా. ఒక్కటి కూడా వద్దన్నాడు నాన్న. మాటిచ్చాను."

అందులో మోసం ఉంది. ఎన్నో ఏళ్ల కిందట ఎవరి శవమో మా కొట్టు ముందు నుంచి వెళ్తుంటే నాన్న నాతో అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఈ తంతులన్నిట్లో అర్థమున్నది దింపుడు కళ్లం ఒక్కటే. అది దేవుడి కోసం పెట్టింది కాదు. డాక్టర్లు లేని రోజుల్లో, మనిషి బతికున్నాడేమో ఆఖరిసారి చూసుకుందామని పెట్టుకున్నారు," అన్నాడు. అది గుర్తుండీ వద్దన్నాను. బాబాయి ముందు ఓడిపోకూడదు, అంతే. పంతం.

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత స్టూలు దగ్గరకి జరుపుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. బాబాయి కండువాతో మొహం తుడుచుకుని లేచి, ఎవరూ పిలవకుండానే స్ట్రెచర్ ఒక పక్క పట్టుకున్నాడు. నాన్నని బండెక్కించాక, "నేను రాలేను," అని గేటు దగ్గరే ఉండిపోయాడు.

ఒంటిగంట దాటాక బయల్దేరాం. వెనకాల నాన్నకి అటు అమ్మ, ఇటు నేను. బండి కుదుపుకి నాన్న తల ఊగుతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. నన్ను తిట్టినా బాగుండేది. ఎ.కొండూరు దాటి మామిడితోటలు వచ్చేసరికి ఇక నావల్ల కాలేదు. అద్దం మీద కొట్టి డ్రైవర్ని ఆపమన్నాను.

"లేటవుద్ది మేడం," అంటూనే పక్కకి తీసి ఆపాడు.

"ఎందుకాపించావు?" అంది అమ్మ.

"దింపుడు కళ్లం. నాన్న ఒకసారి నాతో..." అని మొదలుపెట్టి, ఆ మాటంతా చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను.

"తెలుసు," అంది అమ్మ. "నాతోనూ అన్నారు. నీకు గుర్తుందో లేదోనని అడిగాను."

"గుర్తుంది."

"అదీ తెలుసు. నీ మొహం చూస్తే తెలియట్లా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "మరి ఎందుకు పెట్టావమ్మా సంతకం?"

"ఆయనకి మాటిచ్చింది నువ్వొక్కదానివేనా?" అంది. "కానియ్, పిలువు."

వంగి నాన్న చెవి దగ్గర నోరు పెట్టాను.

"అటు కాదే," అంది అమ్మ. "ఆ చెవి పనిచెయ్యదుగా ఆయనకి. ఇటు రా."

లేచి అమ్మ పక్కకి వెళ్లాను. కొట్లో ఇనుము మోత విని విని నాన్న కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి దగ్గర వంగి, నాన్నా అని పిలిచాను. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలిచేటప్పుడు అమ్మ కూడా నాతోపాటే, "ఏవండీ," అంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. దేవుడు లేడు, ఆత్మ లేదు అని ఇన్నేళ్లూ అందరి మీదా ఒంటికాలి మీద లేచినదాన్ని, నాన్న పలుకుతాడేమోనని ఊపిరి బిగబట్టి ఆగాను. నిజంగానే ఆగాను.

కాసేపటికి అమ్మే అద్దం మీద తట్టింది.

"ఇక పోనియ్ బాబూ. నాలుగింటికల్లా ఆయన్ని అక్కడ చేర్చాలి."