మా అత్తయ్యగారు దారి చెప్పిన బస్సు

దెయ్యాలూ పూనకాలూ అంటూ ఎవరైనా కబుర్లు మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం. భయపడి కాదు, విసుగొచ్చి. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. ఉండి ఉంటే ఈ సంగతిని ఏదో ఒక గూట్లో పెట్టేసి నిశ్చింతగా ఉండేదాన్నేమో.

తొంభైల చివరి మాట. హైటెక్ సిటీలో పెద్ద భవనం అప్పుడే తెరిచారు. చుట్టూ ఇంకా బండరాళ్ళే. రాళ్ళు పేల్చినప్పుడల్లా మా ఆఫీసు కిటికీ అద్దాలు గలగలమనేవి. అక్కడొక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను అడ్మిన్ పనులు చూసేదాన్ని. టీ పొడి తెప్పించడం దగ్గర్నుంచి కరెంటు పోతే జనరేటర్ మనిషికి ఫోన్ చేయడం దాకా అన్నీ నావే.

ఒక ఆదివారం ఉద్యోగులందర్నీ ఇంటివాళ్ళతో సహా గండిపేట పిక్నిక్‌కి తీసుకెళ్దామని మా డైరెక్టర్ అన్నారు. బస్సు మాట్లాడే పని సహజంగా నా మీద పడింది. అంతకుముందు ఏడాది రెండు చిన్న వ్యాన్లు మాట్లాడితే ఒకటి దారి తప్పి, భోజనాలయ్యాక వచ్చింది. ఈసారి అందరూ ఒకే బండిలో కూర్చోవాలని పట్టుబట్టాను.

మేం అద్దెకుంటున్న మూసాపేటలోనే ఒక ట్రావెల్స్ ఉండేది. కడప వైపు ఆయన నడిపేవాడు. పుష్‌బ్యాక్ సీట్ల పెద్ద బస్సు చూపించాడు. ఎక్కి అటూ ఇటూ నడిచి, సీట్లు వెనక్కి వాలుతున్నాయో లేదో చూసుకున్నాను. రాళ్ళ మధ్య దారులకి ఇంత పెద్ద బండి తిరుగుతుందా అని అడిగాను. “యాదగిరిని పంపిస్తా. మీరేం దిగులు పెట్టుకోవాకండి” అన్నాడు. యాదగిరి బోరబండ మనిషి. ముప్పై దాటిన వయసు, మితభాషి.

సరిగ్గా ఆ వారమే మా అత్తయ్యగారు నరసాపురం దగ్గర్నుంచి వచ్చారు. ఆవిడ గోదావరి జిల్లాలు దాటి ఇటు రావడం అదే మొదటిసారి. ఇంట్లో ఒక్కరే ఉంటే తోచదని ఆవిణ్ణి కూడా పిక్నిక్‌కి బయల్దేరదీశాం. బస్సు ప్రయాణమంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. అందుకని డ్రైవర్ వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతికి నిమ్మకాయ ఇచ్చి నేను పక్కన కూర్చున్నాను.

ఆఫీసు దగ్గర మిగతావాళ్ళని ఎక్కించుకుని కొండాపూర్ వైపు బయల్దేరాం. వెనక పాటలు, చప్పట్లు. ఎండ బాగా వచ్చేసింది. కొంతదూరం పోయాక రోడ్డు అడ్డంగా తవ్వేసి ఉంది. పక్కన కంకర కుప్పలు. యాదగిరి బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. వెనక్కి తిప్పడానికి కూడా చోటు లేదు.

అప్పుడు అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. డ్రైవర్ సీటు వెనకున్న కమ్మీ పట్టుకుని అన్నారు.

“ఎడమ దిక్కు తిప్పు చిన్నోడా. గా గుండు పక్కపొంటి పోనియ్యి. బాట ఉంటది.”

నాకు మొదట ఆ మాటలన్నది ఎవరో తెలియలేదు. గొంతు ఆవిడదే, మాట ఆవిడది కాదు. నేను హైదరాబాదొచ్చి అప్పటికి ఏళ్ళయింది. కూరగాయల బండి దగ్గర “ఎంతకిస్తవ్” అని అడగబోతేనే నాకు నాలుక తిరిగేది కాదు. ఆవిడ పుట్టి పెరిగిన భాషలా మాట్లాడేశారు.

యాదగిరి వెనక్కి చూడలేదు. ఆ పక్క ఊరి పెద్దావిడెవరో చెబుతోందనుకున్నాడట. ఎడమకి తిప్పాడు. పెద్ద బండరాయి పక్కనుంచి మట్టి దారి నిజంగానే ఉంది. బస్సు అటూ ఇటూ ఊగుతూ దాన్లోకి దిగింది. కాసేపటికి ఆవిడ “ఆపు” అన్నారు. ఆపాడు. నేను చెయ్యి పట్టుకునేలోపు తలుపు తీసుకుని దిగిపోయారు. వాంతికేమో అనుకుని నేనూ దిగాను. దారి ఇదేనా అని అడగడానికి యాదగిరి కూడా వచ్చాడు.

అక్కడేమీ లేదు. సర్వే రాళ్ళు పాతిన ఖాళీ నేల, పడిపోగా మిగిలిన మొండిగోడ. ఆవిడ ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడి యాదగిరి మొహంలోకి చూశారు. నిదానంగా చెప్పారు.

“నిన్ను ఈడనే పండవెట్టిన. నీకు జరమొచ్చింది, నాకొచ్చింది. నీకు తక్కువైంది.”

అరచేత్తో అతని చెంప తుడిచారు. “బువ్వ తిన్నవా?” అన్నారు.

“తిన్న” అన్నాడు యాదగిరి. అనుకోకుండా వచ్చేసిన జవాబులా ఉంది.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగి, ఎండకి కళ్ళు చికిలించి, “ఏంటమ్మాయ్, ఇక్కడ దిగామేంటి? గండిపేట వచ్చేసిందా?” అని అడిగారు. మళ్ళీ మా అత్తయ్యగారే. నిమ్మకాయ ఇంకా చేతిలోనే ఉంది.

వెనక కూర్చున్నవాళ్ళకి ఇదేమీ తెలియదు. ఆ మట్టిదారి చివర మళ్ళీ తారురోడ్డు తగిలింది. గండిపేట చేరాం. పిల్లలు ఆటల్లో పడ్డారు, పులిహోర పొట్లాలు పంచాం. అత్తయ్యగారు చెట్టు నీడలో హాయిగా నిద్రపోయారు. ఆయాసం లేదు, తలనొప్పి లేదు.

యాదగిరి మాత్రం భోజనానికి రాలేదు. నన్ను బస్సు పక్కకి పిలిచి ఆవిడది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. నా మాట నమ్మినట్టు లేదు.

“మస్కిరీ చేస్తున్నరా మేడమ్?” అన్నాడు.

అలాంటి వేళాకోళం నేనెందుకు చేస్తానన్నాను. ఆ పాటికి నా మనసులో ఒక కథ తయారైపోయింది. ఇతని తల్లి చనిపోయి ఉంటుంది, ఆ దిగులుతోనే ఆ మాటలకి ఇంతగా కదిలిపోయాడు అని. మెల్లగా, మీ అమ్మగారు పోయి ఎన్నాళ్ళయిందని అడిగాను.

“మా అమ్మ బోరబండల ఉన్నది. పొద్దుగాల నాకు డబ్బా కట్టిచ్చింది” అన్నాడు.

అతనే చెప్పుకుపోయాడు. తనొక్కడే కొడుకు, చిన్నోడని పిలవడానికి పెద్దోడెవరూ లేడు. బోరబండ తప్ప వేరే ఇల్లు ఎరగడు. ఈ గోడ దగ్గర ఏ ఊరుండేదో కూడా తెలియదు. పసివాడప్పుడు జ్వరమొచ్చి బతికాడని మాత్రం తల్లి చెప్పేదట. ఒక్క జ్వరం మాటే కలిసింది. మిగతాదేదీ కలవలేదు. అందుకే నాకు మరీ అయోమయంగా ఉంది. అన్నీ కలిసినా, ఏదీ కలవకపోయినా నయంగా ఉండేది.

బస్సులో వెనక కూర్చున్న మావారికి చెబితే, వారం రోజులుగా పనిమనిషి మాటలు వినీ వినీ ఆ యాస పట్టుకుని ఉంటుందన్నారు. మా పనిమనిషిది శ్రీకాకుళం. ఎండదెబ్బ అన్నారు. డాక్టరుకి చూపించాం, అంతా బాగానే ఉందన్నాడు. మరో ఆదివారం ఇద్దరం స్కూటర్ మీద వెళ్ళి ఆ దారి కోసం వెతికాం. ఏ బండ చూసినా అదే అనిపించింది. అత్తయ్యగారిని అడిగితే రోడ్డు తవ్వినచోట బస్సు ఆగడం దాకా గుర్తుంది, తర్వాత గండిపేటలో పులిహోరలో ఉప్పు తక్కువైందని గుర్తుంది.

కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం యాదగిరి వాళ్ళమ్మని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అంజమ్మ అని పేరు. ఎండిన చెరుకుగడలా సన్నగా ఉంది. కొడుకు ఏం చెప్పాడో, ఆవిడ ఏమందో నాకు తెలియదు. ఇద్దరూ పొడిపొడిగా ఉన్నారు. అతను తల్లి పక్కన కూర్చోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

అంజమ్మ మా అత్తయ్యగారిని ఏదైనా మాట్లాడమంది. ఆవిడకి మాటలకి లోటా. రైలు ఎక్కిన సంగతి, పులసల కాలం, వశిష్ఠ గోదావరిలో పంటు మీద దాటడం, అన్నీ చెప్పారు. అంజమ్మ కళ్ళార్పకుండా వింది. వింటున్నకొద్దీ ఆవిడ భుజాలు కిందికి దిగాయి. యాదగిరి మొహం మాత్రం పాలిపోయింది. అతను ఆ రోజు విన్న మాట కోసం వచ్చాడని నాకప్పుడు అర్థమైంది. టీ తాగకుండానే ఆటో పిలుస్తానని కిందికి వెళ్ళిపోయాడు.

నేను గ్లాసులు తీసి లోపల పెట్టి వచ్చేసరికి అంజమ్మ అత్తయ్యగారి రెండు చేతులూ పట్టుకుని మెల్లగా ఏదో చెబుతోంది. నన్ను చూసి లేచి వెళ్ళిపోయింది.

“ఏమందండీ?” అని అడిగాను.

“సగం నాకు తెలిస్తేగా. ‘మళ్ల వస్తే, మంచిగనే సాదుకున్న అని చెప్పు’ అంది. సాదుకోవడమంటే ఏంటమ్మాయ్? సాధించడమా?”

పెంచుకోవడం అని చెప్పాను. తర్వాత ఆఫీసులో ఇక్కడివాళ్ళని అడిగితే, కన్నబిడ్డల విషయంలోనూ ఆ మాట అంటామన్నారు. కాబట్టి ఆ మాటతో ఏమీ తేలలేదు. యాదగిరి ఆ తర్వాత కర్నూలు వైపు బళ్ళకి మారిపోయాడని ట్రావెల్స్ ఆయన చెప్పాడు. అత్తయ్యగారు మా దగ్గరే చాలా ఏళ్ళు ఉన్నారు. బస్సులో విన్న ఆ యాస మళ్ళీ ఆవిడ నోట రాలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం, పెంచుకోవడం అని నేను చెప్పగానే, పక్కింటావిడ వస్తే అందించాల్సిన కబురు విన్నట్టు ఆవిడ తలూపారు.

“సరే, వస్తే చెబుతాలే పాపం” అన్నారు.

రావాల్సింది ఎవరో ఆవిడ అడగలేదు. నాకు ఈ రోజుకీ తెలియదు.